టీవీ ప్రసారాన్ని ఇంట్లో రికార్డు చేయడం: ఏ ఫార్మాట్‌లో పట్టాలి, ఏ ఫార్మాట్‌లో చూడాలి

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు జరుగుతుంది. మోకాళ్ళ నొప్పులతో మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడలేని మా అమ్మ కోసం ఒక ఏడాది ఆ ప్రత్యక్ష ప్రసారాన్ని ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో నేరుగా ఎంపీ4 ఫైలుగా రికార్డు చేశాను. మూడున్నర గంటలు సాగిన తరువాత కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే డిస్కులో నాలుగున్నర జీబీకి పైగా ఫైలు ఉన్నది గాని, ఏ ప్లేయరూ దానిని తెరవలేకపోయింది. "ఇంతసేపు పట్టినావు గదా, ఒక్క ముక్కైనా నేదేటి నాయినా?" అని అమ్మ అడిగింది. తప్పు కరెంటుది కాదు, నేను ఎంచుకున్న ఫార్మాట్‌ది. ఆకాశం నుంచి వచ్చిన ప్రసారాన్ని వచ్చింది వచ్చినట్టుగా ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ (టీఎస్) రూపంలోనే దాచుకోవాలనీ, మార్పులేవైనా ఉంటే తరువాత తీరికగా, అది కూడా అవసరమైతేనే చేయాలనీ ఆ రోజు తెలిసింది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క నియమం మీదనే నడుస్తుంది.

పెట్టె వేరు, సరుకు వేరు

వీడియో ఫైలు గురించి మాట్లాడేటప్పుడు రెండు విషయాలను విడదీసి చూడాలి. ఎంపీ4, ఎంకేవీ, టీఎస్ అనేవి పెట్టెలు. ఆ పెట్టెలో ఉన్న బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్. 1990ల మధ్యలో ప్రమాణంగా స్థిరపడిన ఎంపెగ్-2, 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1 కోడెక్‌లు. కొన్నిచోట్ల హెచ్.264నే ఎంపెగ్-4 అని రాస్తారు; సెట్‌టాప్ బాక్సుల మీద కనిపించే "ఎంపెగ్-4" అనే మాటకు అర్థం అదే తప్ప ఎంపీ4 ఫైలు కాదు. ఒకే కోడెక్‌లో ఉన్న బొమ్మను ఒక పెట్టెలో నుంచి తీసి మరొక పెట్టెలో పెట్టడం నిమిషాల పని, బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు; దీనిని రీమక్స్ అంటారు. కోడెక్‌నే మార్చడం గంటల పని, ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది. దీనిని ట్రాన్స్‌కోడ్ అంటారు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది అవసరం లేని చోట రాత్రంతా కంప్యూటర్‌ను కాల్చుతూ ఉంటారు.

ప్రసారంలో వాడే టీఎస్ పెట్టె స్వభావం మన ఊరి జంక్షన్‌లో నిలబడి గూడ్సు బండిని చూస్తే అర్థమవుతుంది. సమాచారం అంతా 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా, వ్యాగన్ల మాదిరిగా ఒకదాని వెంట ఒకటి వస్తుంది. ప్రతి వ్యాగన్ మీద అది ఎవరి సరుకో చెప్పే నంబరు ఉంటుంది: ఒక నంబరు బొమ్మకు, ఒకటి ధ్వనికి, మరొకటి పక్క ఛానల్ బొమ్మకు. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా సెకనుకు చాలాసార్లు ఆ వరుసలోనే మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటుంది. కనుక బండిని ఎక్కడ పట్టుకున్నా, ఎక్కడ వదిలేసినా, మధ్యలో నాలుగు వ్యాగన్లు పోయినా, మిగిలినదానిని చదవడానికి అడ్డు ఉండదు. ఎంపీ4 అలా కాదు. ఏ ఫ్రేము ఫైలులో ఎక్కడ ఉందో చెప్పే సూచికను అది సాధారణంగా రికార్డింగ్ ముగిసినప్పుడు చివరగా రాస్తుంది. ఆ సూచిక పడకముందే కరెంటు పోతే లోపల సరుకంతా ఉన్నా దానిని తీసే దారి ఉండదు. ఎంకేవీ ఈ రెండింటికీ మధ్యది: దాని సూచిక కూడా చివరనే పడుతుంది గాని అది లేకపోయినా ఫైలు ఆడుతుంది, ముందుకు వెనక్కు జరపడం మాత్రం నెమ్మదిస్తుంది.

ప్రసారాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం

ఇంట్లో చట్టబద్ధంగా, తాళాలతో పని లేకుండా రికార్డు చేసుకోదగిన ప్రసారం దూరదర్శన్ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సేవ ఇప్పుడు తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. విజయవాడ కేంద్రం నడిపే డీడీ సప్తగిరి ఇందులో ఉంటుంది. కేబుల్, డీటీహెచ్ కంపెనీల పే ఛానళ్ళు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి. వాటి బాక్సులో రికార్డింగ్ సదుపాయం ఉన్నా ఆ ఫైలు సాధారణంగా ఆ బాక్సులోనే ఆడుతుంది, కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోదు. అటువంటి వాటితో కుస్తీ పట్టడం ఈ వ్యాసం పని కాదు.

విజయనగరం నుంచి చూస్తే జీశాట్-15 దక్షిణానికి ముప్పై డిగ్రీలు తూర్పుగా, క్షితిజం మీద సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే డిష్ దాదాపు నడినెత్తి వైపు చూస్తుంది కనుక పక్కింటి మేడ గాని కొబ్బరి చెట్టు గాని అడ్డు వచ్చే అవకాశం తక్కువ. శ్రీకాకుళంలో కూడా తేడా రెండు డిగ్రీలకు మించదు. మామూలుగా బిగించే 60 సెంటీమీటర్ల డిష్ ఎండ రోజున చాలు గాని, ఈ ప్రసారం వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు మింగేస్తాయి. రికార్డింగే ముఖ్యమనుకునేవారు 90 సెంటీమీటర్ల డిష్ పెట్టుకుంటే సుమారు మూడున్నర డెసిబెల్‌ల బలం అదనంగా దొరుకుతుంది. ఒక మోస్తరు వానలో ప్రసారం ఆగిపోవడానికీ నిలవడానికీ మధ్య తేడా అంతే. సిరిమానోత్సవం సాధారణంగా అక్టోబరులో వస్తుంది, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినది కూడా అక్టోబరులోనే అని గుర్తుంచుకొని డిష్ బోల్టులను బిగించుకోవాలి. కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో డిష్ ముందు సిగ్నల్‌ను పట్టే ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ మూతికి రబ్బరు టేపు చుట్టకపోతే ఒకటి రెండేళ్ళలో రాగి తీగ పచ్చబడిపోతుంది.

ఇక పట్టుకొనే యంత్రం. తక్కువ ఖర్చుతో కావాలంటే యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న ఫ్రీ టు ఎయిర్ (తాళం లేని ప్రసారాలను చూపే) సెట్‌టాప్ బాక్సు కొని దానికి పెన్‌డ్రైవ్ తగిలిస్తే సరిపోతుంది; వీటిలో చాలావరకు టీఎస్ ఫైలుగానే రాస్తాయి. కొనేటప్పుడు "ఎంపెగ్-2 మాత్రమే" అని ఉన్న పాత రకాన్ని తీసుకోకూడదు, ఎందుకంటే ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్ళు హెచ్.264లో వస్తాయి. ఇంట్లోని అన్ని టీవీలకూ ఫోన్లకూ ప్రసారం అందాలనుకుంటే మాత్రం ఉపగ్రహ ప్రసారాన్ని అందుకునే డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్‌ను ఒక చిన్న లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి, దానిలో టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడపడం మేలు. రాస్ప్‌బెరీ పై 4 ఈ పనికి సరిపోతుంది, ఎందుకంటే వచ్చిన పొట్లాలను డిస్కులో పడేయడం తప్ప అది బొమ్మను ముట్టుకోదు. ట్యూనర్‌కు విడిగా అడాప్టర్ ఉంటుంది. ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపేది అదే కనుక దానిని పక్కన పెట్టి, యూఎస్‌బీ పవర్‌తోనే నడుస్తుందని అనుకోవద్దు. ఉన్న డిష్ తీగనే స్ప్లిటర్‌తో చీల్చి సెట్‌టాప్ బాక్సుకూ ట్యూనర్‌కూ ఇస్తే ఒకటి 13, మరొకటి 18 అడిగి కొట్లాడుకుంటాయి. రెండు మూతుల ఎల్‌ఎన్‌బీ వేసి రెండు తీగలు దించడమే పరిష్కారం.

టీవీహెడ్‌ఎండ్ పేజీ బ్రౌజర్‌లో 9981 పోర్టులో తెరుచుకుంటుంది. ఉపగ్రహాన్నీ యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీనీ ఎంచుకొని, ట్రాన్స్‌పాండర్ల (ఉపగ్రహంలో ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఛానళ్ళ గుంపును పంపే భాగాల) వివరాలు ఇచ్చి స్కాన్ చేస్తే ఛానళ్ళు వస్తాయి. ఫ్రీ డిష్‌లో చోటు కోసం వేలంపాటలు జరిగినప్పుడల్లా ఛానళ్ళు చోటు మారుతూ ఉంటాయి కనుక అప్పుడప్పుడు మళ్ళీ స్కాన్ చేయాలి. ఒకే ట్రాన్స్‌పాండర్ మీద ఉన్న ఛానళ్ళన్నిటినీ ఒకే ట్యూనర్‌తో ఒకేసారి రికార్డు చేసుకోవచ్చు. వ్యాగన్లన్నీ అదే బండిలో వస్తున్నాయి గదా.

రికార్డింగ్ సెట్టింగులలో అసలు ముఖ్యమైనది స్ట్రీమ్ ప్రొఫైల్. అక్కడ "పాస్" అనే ప్రొఫైల్‌ను ఎంచుకోవాలి. దాని పని టీఎస్‌ను ఉన్నదున్నట్టుగా రాయడమే. "మట్రోస్కా" ఎంచుకుంటే ఎంకేవీ వస్తుంది, అదీ తప్పు కాదు. ట్రాన్స్‌కోడ్ అని ఉన్నవాటిని రికార్డింగ్‌కు ఎప్పుడూ ఎంచుకోవద్దు, ఎందుకంటే చిన్న ప్రాసెసర్ వెనకబడిన క్షణాన పోయిన ఫ్రేము మళ్ళీ రాదు. కార్యక్రమానికి ముందు పది నిమిషాలు, తరువాత అరగంట అదనంగా పెట్టుకోవాలి. సిరిమానుకైతే ముందు అరగంట, తరువాత రెండు గంటలు పెడతాను. అమ్మవారి సంబరం టీవీ వాళ్ళ షెడ్యూలు చూసుకొని కదలదు.

ఎంత చోటు, ఏ డిస్కు

లెక్క చాలా సులువు. ప్రసారం సెకనుకు ఎన్ని మెగాబిట్లో ఆ సంఖ్యను 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీ పడుతుందో వస్తుంది. సెకనుకు 3 మెగాబిట్ల మామూలు ఛానల్ గంటకు 1.35 జీబీ, 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానల్ 3.6 జీబీ తీసుకుంటాయి. అంటే 1 టీబీ డిస్కులో మామూలు ఛానల్ సుమారు 740 గంటలు పడుతుంది. ఇంత చోటు ఉండగా చూసి వదిలేసే సీరియళ్ళను కుదించి దాచడం వృథా శ్రమ. చూశాక తుడిచేయడమే మంచి కుదింపు.

పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే ఒక ఫైలు 4 జీబీకి మించి పెరగదు. హెచ్‌డీ రికార్డింగ్ గంటా పది నిమిషాలకు ఆ గోడను తాకుతుంది. మంచి బాక్సు అక్కడ రెండో ఫైలు మొదలుపెడుతుంది, చవక బాక్సు మౌనంగా ఆగిపోతుంది. అందువల్ల బాక్సు ఒప్పుకుంటే ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్, లైనక్స్ యంత్రంలో అయితే ఎక్స్‌టీ4 వాడాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కంప్యూటర్‌ను మాత్రమే దాని లైను మీద పెట్టి ట్యూనర్ అడాప్టర్‌నూ డిస్కునూ మరచిపోవడం తరచు జరిగే పొరపాటు. మూడింటినీ ఒకే బోర్డు మీదకు తేవాలి. ఇన్వర్టర్ మారే ఆ క్షణకాలానికే కొన్ని కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతాయి కనుక చిన్న యూపీఎస్ కూడా ఉంటే నిశ్చింత.

ఇంటి నెట్‌వర్క్ మీద పంపడం

మూడు టీవీలలో ఒకేసారి మామూలు ఛానల్ చూసినా మొత్తం 9 మెగాబిట్లే. నెట్‌వర్క్ మోయలేని బరువు కాదు ఇది. అయినా బొమ్మ ఆగి ఆగి వస్తుంటే కారణం వేగం కాదు, వైఫై నిలకడ. సర్వర్ నుంచి రౌటర్ వరకు తప్పనిసరిగా ఈథర్‌నెట్ తీగ వేయాలి. పాత మండువా ఇళ్ళ మందపాటి గోడలూ కొత్త ఇళ్ళ శ్లాబులూ సిగ్నల్‌ను మింగేస్తాయి కనుక పెద్ద టీవీకి కూడా వీలైతే తీగే మేలు. మల్టీకాస్ట్ అనే ఎంపిక ఆకర్షణీయంగా కనబడుతుంది, ఒకసారి పంపితే అందరికీ అందుతుంది అంటారు. కాని వైఫై మీద మల్టీకాస్ట్ పొట్లాలు సాధారణంగా కనిష్ఠ వేగంతో, అందాయో లేదో తెలుసుకోకుండా వెళ్తాయి. ఇంట్లో ఉన్న రెండు మూడు తెరలకు మామూలు హెచ్‌టీటీపీ పద్ధతిలో విడివిడిగా పంపడమే నమ్మదగినది.

టీవీకి కోడి (Kodi) అనే ప్లేయర్, ఫోన్లకు జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ నా ఎంపిక. ఆండ్రాయిడ్ టీవీలో కోడి వేసి టీవీహెడ్‌ఎండ్ క్లయింట్ జోడిస్తే 9982 పోర్టు ద్వారా ప్రత్యక్ష ప్రసారమూ పాత రికార్డింగులూ ఒకే చోట కనిపిస్తాయి. టీఎస్‌ను అది నేరుగా ఆడిస్తుంది కనుక సర్వర్‌కు శ్రమ ఉండదు. ఫోన్ల సంగతి వేరు. క్రోమ్ వంటి బ్రౌజర్లు ఎంపెగ్-2ను ఆడించలేవు, ఐఫోన్ కూడా తనంతట తాను ఆడించదు. అప్పుడు జెల్లీఫిన్ అప్పటికప్పుడు హెచ్.264లోకి మార్చి చిన్న చిన్న ముక్కలుగా హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో పంపుతుంది. అందువల్ల ప్రత్యక్ష ప్రసారం ఫోన్‌లో కొన్ని సెకన్లు వెనకబడుతుంది. క్రికెట్ చూస్తుంటే వికెట్ పడిన కేక ముందు గదిలో నుంచి ముందే వినిపిస్తుంది. ఫోన్‌లో వీఎల్‌సీ వేసుకొని టీఎస్‌ను నేరుగా తెరిస్తే ఈ మార్పిడి అంతా తప్పుతుంది. జెల్లీఫిన్‌లో వీడియో ఆడుతున్నప్పుడు డైరెక్ట్ ప్లే అని చూపితే ఏమీ మారడం లేదనీ, రీమక్స్ అని చూపితే పెట్టె మాత్రమే మారుతోందనీ, ట్రాన్స్‌కోడ్ అని చూపితే ప్రాసెసర్ చెమటోడుస్తోందనీ అర్థం. రాస్ప్‌బెరీ పై మీద మూడోది కనిపిస్తే దారి మార్చుకోవాలి. కొత్తది కదా అని పై 5 కొన్నా ఈ విషయంలో లాభం లేదు, ఎందుకంటే దానిలో వీడియోను ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేర్ అసలు లేదు.

దాచుకోవలసినవాటిని మార్చుకోవడం

కలకాలం ఉంచుకోవాలనుకున్న రికార్డింగులకే ఈ భాగం. మొదట లాస్‌లెస్ కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో టీఎస్ ఫైలు తెరిచి ప్రకటనలనూ ముందు వెనక అదనాన్నీ కత్తిరించాలి. ఇది కీఫ్రేముల (పక్క ఫ్రేముల సాయం లేకుండా పూర్తిగా ఉండే బొమ్మల) దగ్గర మాత్రమే కోస్తుంది, కనుక కోత అర సెకను అటూ ఇటూ పడవచ్చు, నాణ్యత మాత్రం మారదు. వానలో పట్టిన రికార్డింగులలో పొట్లాలు పోయిన చోట్ల కాలముద్రలు (ఏ బొమ్మ, ఏ ధ్వని ఏ క్షణాన రావాలో చెప్పే గుర్తులు) తెగి ఉంటాయి. అటువంటి ఫైలును నేరుగా ఎంపీ4గా మారిస్తే కొన్నిసార్లు తెగిన చోటు నుంచి పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పుతుంది. తెగిన చోట్లను కోసేసి ముక్కలను విడివిడిగా ఎంకేవీలోకి రీమక్స్ చేసి, ఆ తరువాత కలిపితే ఈ బాధ ఉండదు. అంత చెడిపోని ఫైలును టీఎస్‌గానే ఉంచేయడం ఇంకా సుఖం. మరొక విడ్డూరం: టీఎస్‌లోని కాలముద్ర సుమారు ఇరవై ఆరున్నర గంటలకు ఒకసారి సున్నాకు తిరుగుతుంది. ఆ తిరుగుడు మీ రికార్డింగ్ మధ్యలో పడితే ప్లేయర్ అడుగున ఉన్న గడియారం పిచ్చి అంకెలు చూపిస్తుంది. ఫైలు పాడయిందని భయపడనక్కరలేదు, రీమక్స్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఛానల్ హెచ్.264లో వచ్చినదైతే ట్రాన్స్‌కోడ్ అవసరమే లేదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వీడియోకు "కాపీ" అని చెప్పి, ధ్వనిని మాత్రం ఎంపీ2 నుంచి ఏఏసీలోకి మార్చి ఎంపీ4లో పెడితే కొద్ది నిమిషాలలో ఫోన్లకు నప్పే ఫైలు సిద్ధమవుతుంది. ఎంపెగ్-2లో వచ్చినదానినే హ్యాండ్‌బ్రేక్ అనే ట్రాన్స్‌కోడ్ సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264లోకి మార్చవలసి వస్తుంది. మామూలు ఛానళ్ళకు నాణ్యత గుర్తును 18 నుంచి 22 మధ్య ఉంచాలి, అంకె తగ్గిన కొద్దీ నాణ్యతా ఫైలు పరిమాణమూ పెరుగుతాయి. హెచ్‌ఈవీసీ ఎంచుకుంటే ఫైలు చిన్నదవుతుంది గాని బంధువుల ఇళ్ళలోని పాత టీవీలు దానిని ఆడించవు. ఏవీ1 అయితే ఇంకా కొత్త పరికరాలు కావాలి. ఉన్న బొమ్మే 576 గీతలది, దాని కోసం అంత దూరం పోవడం దండగ.

హ్యాండ్‌బ్రేక్‌లో ఎక్కువమంది విస్మరించేది ఇంటర్‌లేసింగ్. మన మామూలు టీవీ ప్రసారంలో సెకనుకు ఇరవై ఐదు పూర్తి బొమ్మలు కాక, సరి గీతలొకసారి బేసి గీతలొకసారి చొప్పున యాభై సగం బొమ్మలు వస్తాయి. సప్తగిరిలో తప్పెటగుళ్ళు వచ్చినప్పుడు రికార్డు చేసి కంప్యూటర్‌లో ఆపి చూడండి: గుండెకు కట్టిన రేకు తప్పెట మీద ఆడే చేతులూ గజ్జెలు కట్టిన కాళ్ళూ దువ్వెన పళ్ళలాగా చీలి కనిపిస్తాయి. టీవీ దీనిని తానే సరిచేస్తుంది, అందుకే టీఎస్‌లో దానిని ముట్టుకోనక్కరలేదు. ట్రాన్స్‌కోడ్ చేసేటప్పుడు మాత్రం డీఇంటర్‌లేస్ చేసి తీరాలి, లేకపోతే ఆ చీలికలు శాశ్వతంగా బొమ్మలో కలిసిపోతాయి. ఫిల్టర్లలో యాడిఫ్ లేదా బీడబ్ల్యూడిఫ్‌ను "బాబ్" పద్ధతిలో పెడితే సెకనుకు యాభై పూర్తి బొమ్మలు తయారవుతాయి, ఎగిరి దూకే ఆటలో జారుడు పోదు. ఇరవై ఐదుకు కుదించే పద్ధతి వార్తలకు చాలు, ఆటపాటలకు చాలదు.

ఆకారం గురించి కూడా ఒక మాట. 720 × 576 అనే కొలతలోని చుక్కలు చతురస్రాలు కావు. పాత 4:3 కార్యక్రమం తెర మీద 768 × 576గా, 16:9 కార్యక్రమం 1024 × 576గా విప్పారాలి. హ్యాండ్‌బ్రేక్‌లో అనమార్ఫిక్ ఎంపికను ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఇది దానంతట అది జరుగుతుంది. ఎవరో చెప్పారని కొలతలను చేత్తో 720 × 576గా బిగించి ఆ ఎంపికను తీసేస్తే మనుషులు సన్నగా మారిపోతారు.

రాజాంలోని చిన్నాన్నకో పార్వతీపురంలోని అత్తకో పెన్‌డ్రైవ్‌లో పంపవలసి వచ్చినప్పుడు వారి టీవీ ఏది చదువుతుందో అడగడం కన్నా, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి లోపల ఉండే హెచ్.264, ఏఏసీ ఎంపీ4 ఫైలు పంపడం తేలిక. పంపే ముందు ఫైలు మొదలూ నడిమీ చివరా మూడు చోట్ల తెరిచి పెదవులూ మాటా కలుస్తున్నాయో లేదో చూడాలి, చూశాకే సర్వర్‌లోని అసలు టీఎస్‌ను తుడిచివేయాలి.